గోళీ చెప్పిన రహస్యం



తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో వెళ్ళినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు? ఈ రైలుదారి 1916లో వేశారు. ముప్పై చిల్లర కిలోమీటర్ల ప్రయాణం. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ, రెండు పక్కలా పొలాలు చూసుకుంటూ పోతాం. రైల్లో టీ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంటే టీ ఊగుతుందే గాని ఒలకదు. రేపల్లెలో దిగి, ఆటో ఎక్కి, కాలవగట్టు మీదుగా మా అక్కయ్యగారి ఊరికి పోయేటప్పుడు మట్టుకు, టీ సంగతి దేవుడెరుగు, మన మాటే మన నోట్లో నిలవదు. "డ్రైవరు గారూ" అని పిలవబోతే "డ్రై-వ-వ-రు గా-గా-రూ" అని వస్తుంది.

ఒకచోట టీ ఒలకదు, ఇంకొకచోట మాట నిలవదు. ఎందువల్ల? దారి మంచిదా చెడ్డదా అన్నది సగం జవాబు. మిగతా సగం బండి కింద ఉంటుంది. ఆ సగాన్ని గురించే ఈ నెల చెప్పుకుందాం. దాన్ని నేను పుస్తకాల్లో చదివాను గాని, సరిగా తెలిసింది మాత్రం మా మేనకోడలి గోళీవల్ల. ఆ కథ వినండి.

మా అక్కయ్య కొడుకు బాపట్లలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ కలిసి కిందటి వేసవి సెలవల్లో ఒక చిన్న కారు తయారు చేశారు. తయారు చేశారంటే, ఇనుము కరిగించి చేశారని కాదు. ఇనప గొట్టాలతో అతికిన చట్రం ఒకచోట కొన్నారు. చక్రాలూ, స్ప్రింగులూ, ఇంజనూ తలా ఒకచోట నుంచి తెప్పించారు. అన్నీ తెచ్చి, మా అక్కయ్యగారి ఇంటి వెనక షెడ్డులో పోసి, పానాలు పట్టుకుని బిగించడం మొదలుపెట్టారు. ఇట్లా భాగాలుగా తెచ్చుకుని ఇంటి దగ్గర బిగించుకునే కారును "కిట్ కారు" అంటారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులో 1957లో లోటస్ కంపెనీ "సెవెన్" అనే చిన్న కారు తెచ్చింది. తయారైన కారు కొంటే ఆ రోజుల్లో అక్కడ పన్ను ఎక్కువ. భాగాలుగా కొని ఎవరికివారు బిగించుకుంటే ఆ పన్ను ఉండేది కాదు. అందుకని చాలామంది దాన్ని పెట్టెల్లో భాగాలుగానే కొనుక్కుని ఇంటి దగ్గర బిగించుకున్నారు. అమెరికాలో 1976 నుంచి కాలేజీ విద్యార్థులు సొంతంగా బండ్లు చేసి, రాళ్ళూ గుంటలూ ఉన్న దారిలో నడిపే పోటీ ఒకటి జరుగుతున్నది. దాని పేరు "బాహా". మనదేశంలో ఆ పోటీ 2007లో మొదలయింది. మన కుర్రాళ్ళు దాన్ని "బాజా" అంటారు. ఇది పెళ్ళివారి బాజా కాదు, మెక్సికో దేశంలో ఒక ద్వీపకల్పం పేరు! మా వాడి బండి కూడా అట్లాంటిదే. ఒక మనిషే కూర్చుంటాడు, ఆ మనిషి సరిగ్గా నడిమధ్యన కూర్చుంటాడు.

ఒక మాట ముందే చెబుతాను. ఇట్లా ఇంట్లో బిగించిన బండిని ఊరికే రోడ్డుమీదికి తీసుకుపోకూడదు. చట్టం ఒప్పుకోదు, అది మంచిది కూడాను. అందుకని మా వాడు కోత అయిపోయిన తమ పొలంలోనే, నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని, నడుముకు బెల్టు బిగించుకుని నడిపేవాడు.

బండి బిగించడం పూర్తయిన రోజున నేను వెళ్ళాను. వాడు నన్ను షెడ్డులోకి తీసుకుపోయి, "చూడు మామయ్యా, ఎట్లా కుదిరిందో! మొదట ముందుపక్క ఎడమ మూల మూడు సెంటీమీటర్లు కిందికి ఉండేది. స్ప్రింగు ఎత్తి సరిచేశాను. ఇప్పుడు నాలుగు మూలలూ సమంగా ఉన్నాయి" అన్నాడు. నేను ముందుకూ వెనక్కూ వంగి చూశాను. గీత గీసినట్టే ఉంది. "శభాష్" అన్నాను.

సాయంత్రం బండిని పొలంలోకి తోశారు. పొలానికి ఎడమవైపు మురుగుకాలవ ఉంది. దాని గట్టుమీద మా మేనకోడలు, ఎనిమిదేళ్ళ పిల్ల, చేతిలో ఎర్ర రుమాలు పట్టుకుని నుంచున్నది. ఆ రుమాలు ఊపగానే అన్నయ్య బండి ఆపాలి. అదీ ఆట.

బండి బయలుదేరింది. వేగం ఎంతో లేదు, గట్టిగా తొక్కే సైకిలు కంటే కాస్త ఎక్కువ. పిల్ల రుమాలు ఊపింది. మా వాడు బ్రేకు తొక్కాడు. బండి తిన్నగా ఆగడానికి బదులు, ఎవరో ముక్కుతాడు పట్టి లాగినట్టు ఎడమవైపుకు తిరిగి గట్టుమీదికి వచ్చింది. పిల్ల కెవ్వుమన్నది. బండి ఆమెకు రెండు గజాల దూరంలో ఆగింది.

ఎవరికీ దెబ్బ తగలలేదు. కాని మా అక్కయ్య పరుగెత్తుకొచ్చి పిల్లను చంకనేసుకుని, "ఆదివారం పాత ఇనుం వాడు వస్తాడు. ఇది వాడికి ఇచ్చేస్తున్నాను. ఇక దీని మాట నా దగ్గర ఎత్తకండి" అన్నది. ఆ రోజు గురువారం. నేను బండి తాళం తీసి నా జేబులో వేసుకున్నాను.

"బ్రేకులు చూడరా" అన్నాను. చూశారు, బాగానే ఉన్నాయి. టైర్లలో గాలి కొలిచారు, సమంగానే ఉన్నది. స్టీరింగు చూశారు, అదీ బాగానే ఉన్నది. రాత్రి పదిగంటల దాకా వెతికినా తప్పు దొరకలేదు.

మర్నాడు పొద్దున బండి పొలం దగ్గరే ఉండిపోయింది. ఖాళీ షెడ్డులో పిల్ల ఒక్కతే గోళీలాడుకుంటున్నది. కాసేపటికి విసుక్కుంటూ నా దగ్గరకు వచ్చి, "మామయ్యా, ఈ షెడ్డులో ఆట కుదరదు. ఎటు వేసినా గోళీలన్నీ ఆ మూలకే పోతున్నాయి" అన్నది.

"ఏ మూలకే తల్లీ?"

"అన్నయ్య బండి ఎడమ చక్రం ఉండేదే, ఆ మూలకు."

మా వాడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంట్లో మేస్త్రీలు వదిలిపెట్టిన సన్నని రబ్బరు గొట్టం ఉంటే దానినిండా నీళ్ళు పోసి పట్టాం. నీళ్ళు గొట్టం రెండు కొసల్లోనూ ఎప్పుడూ ఒకే మట్టాన నిలుస్తాయి గదా! అట్లా కొలిస్తే, మిగతా మూడు చక్రాల కిందా నేల ఒకే మట్టాన ఉంది గాని, ముందు ఎడమ చక్రం నిలిచే చోట 4 సెంటీమీటర్లు కుంగి ఉన్నదని తేలింది.

ఎందుకు కుంగింది? అది మన కృష్ణా డెల్టా నల్లమట్టి గుణం. వానాకాలం నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఎండాకాలం ఎండి, ముడుచుకుని, చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. పైన వేసిన గచ్చు దాంతో పాటు లేస్తుంది, దాంతో పాటు కుంగుతుంది. ఈ ప్రాంతంలో ఎన్ని ఇళ్ళ గోడలకు బీటలున్నాయో లెక్కపెట్టి చూడండి.

"అయితే ఏమిటి? షెడ్డులో నేల కుంగితే పొలంలో బండి ఎందుకు తిరగాలి?" అని మీరడగవచ్చు. ఇది తెలియాలంటే ముందు స్ప్రింగు సంగతి తెలియాలి.

ఎద్దుబండికి స్ప్రింగులుండవు. ఇరుసుమీద బండి నేరుగా కూర్చుంటుంది. చక్రం అంగుళం ఎగిరితే బండీ అంగుళం ఎగురుతుంది, అందులో ఉన్న మనమూ ఎగురుతాం. మీ తాతగారినడిగితే తెనాలి స్టేషను బయట నిలబడే జట్కాల సంగతి చెబుతారు. జట్కాకు ఇరుసుకూ పెట్టెకూ మధ్య వంపు తిరిగిన ఉక్కుపట్టీలుండేవి. వాటిని కమానులంటారు. లారీల కింద ఇప్పటికీ కమాను కట్టలు చూడవచ్చు. ఇట్లాంటి కమానులను రెండేసి చొప్పున ఎదురెదురుగా బిగించి గుర్రపు బండ్లకు వాడే పద్ధతికి లండనులో ఒబడయా ఎలియట్ అనే అతను 1804లో హక్కు సంపాదించాడు.

స్ప్రింగు చేసే పని ఏమిటంటే, చక్రం గుంటలో పడినా రాయి ఎక్కినా, ఆ కుదుపును తాను నలిగి మింగేస్తుంది. పైన ఉన్న బండి దాదాపు తన దారిన తాను పోతుంది. 1948లో ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీవారు బయటపెట్టిన ఒక చిన్న కారుకు కంపెనీ పెద్ద ముందుగానే ఒక షరతు పెట్టాడట: దున్నిన పొలానికి అడ్డంగా బుట్టెడు కోడిగుడ్లతో పోతే ఒక్క గుడ్డు కూడా పగలకూడదు! ఆ కారు మెత్తని స్ప్రింగులకు పేరు పొందింది.

స్ప్రింగు ఎంత నలుగుతుంది? దీనికి ఒక నియమం ఉంది. దాన్ని కనిపెట్టినవాడు రాబర్టు హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. తన రహస్యం ఇతరులకు తెలియకూడదని, 1676లో ఆ నియమం తాలూకు లాటిన్ వాక్యంలోని అక్షరాలను విడగొట్టి, వరసగా పేర్చి, పొడుపుకథలాగా అచ్చువేశాడు. రెండేళ్ళ తరవాత, 1678లో, తనే విప్పి చెప్పాడు. దాని భావం ఇది: సాగినదెంతో బలమూ అంతే. అంటే, 10 కిలోలకు ఒక అంగుళం నలిగే స్ప్రింగు 20 కిలోలకు రెండంగుళాలు నలుగుతుంది.

మా వాడి బండికి నాలుగు మూలలా నాలుగు స్ప్రింగులు. చక్రం మీద లెక్క చూస్తే, ఒక్కొక్కటీ కిలోన్నర బరువుకు ఒక మిల్లీమీటరు నలుగుతుంది. ప్రతి స్ప్రింగు కిందా మర ఉన్న కడియం ఒకటి ఉంది. సీసామూత తిప్పినట్టు ఆ కడియాన్ని తిప్పితే స్ప్రింగు పైకి లేస్తుంది, దాంతో ఆ మూల బండి లేస్తుంది.

ఇప్పుడు మా వాడు చేసిందేమిటో చూడండి. నేల 4 సెంటీమీటర్లు కుంగినచోట చక్రం ఉంది, కాబట్టి ఆ మూల బండి వంగింది. వాడు కడియం తిప్పి, ఆ మూల స్ప్రింగును సరిగ్గా 4 సెంటీమీటర్లు ఎత్తాడు. షెడ్డులో అంతా సరిపోయింది. నిజానికి ఆ నేలమీద ఆ బండి బాగానే ఉంది. తప్పల్లా, బండి బయటికి పోయినప్పుడు ఆ నేల దాని వెంట పోకపోవడమే!

బయట సమమైన నేలమీద నుంచోబెట్టేసరికి, ఒక కాలు పొడుగైన కుర్చీ అయింది బండి. ఒక కాలు పొడుగైన కుర్చీలో మీరెప్పుడైనా కూర్చున్నారా? బరువంతా ఆ పొడుగు కాలిమీదా, దానికి ఐమూలగా ఎదురుగా ఉన్న కాలిమీదా పడుతుంది. మిగతా రెండు కాళ్ళూ తేలిపోతాయి. కుర్చీ అయితే టకటకా ఊగుతుంది గనక మనకు తెలిసిపోతుంది. బండికి స్ప్రింగులున్నాయి. అవి తమలో తాము సర్దుకుని, నాలుగు చక్రాలూ నేలకు ఆనేటట్టు చేస్తాయి. ఇక ఆ తేడా కంటికి ఎట్లా కనిపిస్తుంది? మూల కొంచెం లేచి ఉన్నా, గడ్డి దుబ్బుల మధ్య ఎవరు గమనిస్తారు?

కంటికి కనపడకపోతే కాటాకు కనపడుతుంది. శనివారం పొద్దున బండిని ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కించి బాపట్ల తీసుకుపోయారు. అక్కడ ఒకరి వాకిట్లో సమమైన గచ్చు ఉంది. నీళ్ళ గొట్టంతో దాన్ని రెండుసార్లు పరీక్ష చేశారు. మా మేనకోడలు గోళీ పెట్టి మూడోసారి పరీక్ష చేసింది, గోళీ కదలలేదు. ధాన్యం కొట్ల నుంచి ఒకే రకం కాటాలు నాలుగు అడిగి తెచ్చి, ఒక్కొక్క చక్రం కిందా ఒక్కొక్కటి పెట్టారు. నడిపేవాడు 60 కిలోల మనిషి. అతను కూర్చుని ఉండగా అంకెలు చదవడం కష్టమని, 60 కిలోల ఇసక తూచి, బస్తా కట్టి సీట్లో కూర్చోబెట్టారు. మనిషి లేకుండా కొలిస్తే లెక్క తప్పుతుంది సుమా! బండి నడిచేటప్పుడు మనిషి ఉంటాడు గదా!

కాటాలు ఇట్లా చూపించాయి:

ముందు ఎడమ 125 కిలోలు, ముందు కుడి 95 కిలోలు, వెనక ఎడమ 105 కిలోలు, వెనక కుడి 135 కిలోలు. మొత్తం 460.

పలకలు తీసి మీరు కూడా కూడండి. ఎడమవైపు రెండూ కలిపితే 230. కుడివైపు రెండూ కలిపితే 230. "ఇంకేం, సమంగానే ఉందిగా!" అంటారు. ఇక్కడే ఉంది కిటుకు. ఐమూలగా కూడి చూడండి. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 260. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 200. అరవై కిలోల తేడా!

ఇది మన లెక్కకు సరిపోతుందా? 4 సెంటీమీటర్లంటే 40 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు కిలోన్నర చొప్పున 60 కిలోలు. ఒక మూల ఎత్తితే ఆ తేడాను నాలుగు స్ప్రింగులూ సమంగా పంచుకుంటాయి, ఒక్కొక్క దానికి 15 కిలోలు. ఎత్తిన మూలకూ దాని ఐమూలకూ 15 ఎక్కువ, మిగతా రెండిటికీ 15 తక్కువ. కాబట్టి అసలు ఉండవలసింది ముందు చక్రాలు ఒక్కొక్కటి 110, వెనక చక్రాలు ఒక్కొక్కటి 120. సరిగ్గా సరిపోయింది!

ఇక బండి ఎడమకు ఎందుకు లాగింది? టైరు నేలను పట్టుకునే పట్టు దానిమీద ఉన్న బరువునుబట్టి ఉంటుంది. బ్రేకు తొక్కగానే, తేలికగా ఉన్న ముందు కుడి చక్రం పట్టు చాలక తిరగడం ఆగిపోయి నేలమీద జారింది. బరువుగా ఉన్న ఎడమ చక్రం గట్టిగా పట్టుకున్నది. పరుగెత్తేవాడి ఎడమ చెయ్యి ఎవరైనా పట్టుకుంటే ఎటు తిరుగుతాడు? ఎడమకే. బండీ అంతే చేసింది. బ్రేకుల్లో తప్పు వెతికితే ఎట్లా దొరుకుతుంది? తప్పు బ్రేకుల్లో లేదు.

మా వాడు ముందు ఎడమ కడియాన్ని 4 సెంటీమీటర్లు కిందికి తిప్పాడు. బండిని ఒకసారి ముందుకూ వెనక్కూ తోసి, నాలుగు మూలలా నొక్కి వదిలి, మళ్ళీ కాటాలు ఎక్కించాడు. ఎందుకంటే జాకీ దింపగానే చక్రాలు నేలను పట్టుకుని, స్ప్రింగులు పూర్తిగా సర్దుకోవు. కాస్త దొర్లిస్తేనే నిజం చెబుతాయి. 110, 110, 120, 120!

"ఇప్పుడు బండి ఎంత ఎత్తున ఉండాలి, మామయ్యా?" అని మా మేనకోడలు అడిగింది. ఇది మంచి ప్రశ్న. ఎక్కడ నడుపుతామో చెబితే గాని ఎత్తు చెప్పడం కుదరదు.

తెనాలి వంటి ఊళ్ళో అయితే స్పీడ్ బ్రేకర్లు దాటాలి. మనదేశపు రోడ్ల నియమావళి ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అట్లా వెడల్పుగా ఉంటే సుఖంగా ఎక్కి దిగవచ్చు. రేపల్లె పక్క కాలవగట్లమీద అయితే సంగతి వేరు. ట్రాక్టరు చక్రాలు రెండు గాళ్ళు చేసి, మధ్యన మట్టి దిబ్బలాగా మిగులుతుంది. ఎత్తు చాలకపోతే బండి పొట్ట ఆ దిబ్బమీద కూర్చుని, చక్రాలు గాలిలో తిరుగుతాయి. బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రపు ఒడ్డున అయితే గట్టి దిబ్బలుండవు గాని, చక్రాలే ఇసకలో దిగబడతాయి. అక్కడ టైర్లలో గాలి కొంత తీసి, వెడల్పుగా పరుచుకునేటట్టు చేస్తారు. గాలి తీస్తే బండి ఎత్తు తగ్గుతుందని కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి.

"అయితే బాగా ఎత్తుగా పెట్టేస్తే సరిపోదా?" అన్నది పిల్ల.

సరిపోదు. వరిగడ్డి వేసిన బండిని చూడండి. గడ్డి ఎంత ఎత్తు పేరిస్తే, గట్టు వాలులో అంత తొందరగా పల్టీకొడుతుంది. మా వాడి బండి చక్రాల మధ్య దూరం 120 సెంటీమీటర్లు. అంటే నడిమధ్య నుంచి ఒక్కొక్క పక్కకు 60. బరువు కేంద్రం నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, నిలబడి ఉన్న బండి సుమారు 53 డిగ్రీల వాలు దాకా పడిపోదు. అదే కేంద్రాన్ని 60 సెంటీమీటర్లకు ఎత్తితే 45 డిగ్రీలకే పడిపోతుంది. మలుపు తిరిగేటప్పుడూ ఇదే లెక్క. కాబట్టి ఎత్తు చాలినంత ఉండాలి గాని, చాలినదానికంటే ఎక్కువ ఉండకూడదు.

మా వాడు ఇట్లా లెక్క వేశాడు. గుంటలో పడ్డప్పుడు స్ప్రింగు ఇంకా 8 సెంటీమీటర్లు నలుగుతుంది. అప్పుడు కూడా 10 సెంటీమీటర్ల దిబ్బ పొట్టకు తగలకూడదు. చేతివాటానికి మరి 4 సెంటీమీటర్లు కలిపితే మొత్తం 22 సెంటీమీటర్లు. నాలుగు కడియాలనూ ఒకేవిధంగా, ఒకే కొలతకు తిప్పి బండిని 22కు తెచ్చాడు. నాలుగూ సమంగా తిప్పితే బరువుల పంపకం మారదు. ఒక్కటి తిప్పితేనే నాలుగూ మారతాయి.

ఇంకొక్క పని మిగిలింది. స్ప్రింగుకు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఒకసారి నలిగితే ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. మా వాడి ముందు స్ప్రింగు బరువుకు 7 సెంటీమీటర్ల పైచిలుకు నలిగి నిలుస్తుంది. అంత నలిగేది నిమిషానికి సుమారు 110 సార్లు ఊగుతుంది. 25 సెంటీమీటర్లు నలిగే మెత్తని స్ప్రింగయితే నిమిషానికి 60 సార్లే. ఈ ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలో నూనె ఉంటుంది. నూనెలో ఆడే ముషలకానికి చిన్న చిన్న కంతలుంటాయి. సైకిలు పంపు కొసను వేలితో కొంచెం మూసి కొట్టి చూడండి. గాలి సన్నని సందులోంచి పోవలసి వచ్చి, పంపు మెల్లగా దిగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె, అంతే తేడా. ఇది సరిగా ఉన్నదీ లేనిదీ తెలియాలంటే బండి మూలను నొక్కి వదలాలి. పైకి లేచి, ఒకసారి సర్దుకుని ఆగిపోతే మంచిది. గంగిరెద్దులాగా తల ఊపుతూ ఉంటే పనికిరాదు.

ఆదివారం పొద్దున్నే పొలంలో మళ్ళీ పరీక్ష జరిగింది. ఈసారి ఎడమ గట్టుమీద ఎవర్నీ నుంచోనివ్వలేదు. పిల్ల మా అక్కయ్య చెయ్యి పట్టుకుని బండికి చాలా వెనక, ఇంటి అరుగుమీద నుంచున్నది. నేను దూరాన నుంచుని రుమాలు ఊపాను. మా వాడు బ్రేకు తొక్కాడు. బండి తాడు పట్టి లాగినట్టు తిన్నగా వచ్చి ఆగింది. దిగి చూస్తే నేలమీద ముందు చక్రాల చారలు రెండూ ఒకే పొడుగున ఉన్నాయి. ఒకసారి గాదు, పదిసార్లు చేసి చూశాం.

పదిగంటలకు పాత ఇనుం వాడు వీధిలో కేకవేశాడు. అందరం మా అక్కయ్య మొహం వైపు చూశాం. ఆమె లోపలికి పోయి, విరిగిన బకెట్టూ, రెండు చిల్లుల బాణలీ తెచ్చి అతనికి వేసింది.

"బండి వెయ్యవా అమ్మా?" అన్నాడు మా వాడు, నెమ్మదిగా.

"నేల చూసుకోకుండా ఇంకొకసారి బిగించావంటే అప్పుడు వేస్తాను" అన్నది అక్కయ్య.

నేను జేబులోంచి తాళం తీసి వాడి చేతిలో పెట్టాను. ఇప్పుడు వాడి పనిముట్ల పెట్టె తెరిస్తే పానాలూ, జాకీ, టేపూ, వాటితో పాటు ఒక నీలం గోళీ కూడా కనిపిస్తుంది. పని మొదలుపెట్టేముందు వాడు బయటికి తీసే మొదటి పనిముట్టు అదే.

మీరు చేసి చూడండి: గచ్చునేలమీద నాలుగు కాళ్ళ చెక్క కుర్చీ వెయ్యండి. ఒక్కొక్క కాలి కిందా ఒక కాగితం ముక్క పెట్టండి. తమ్ముణ్ణో చెల్లాయినో కదలకుండా మధ్యగా కూర్చోమనండి. కాగితాలు మెల్లగా లాగి చూడండి. తరవాత ఒక కాలి కింద, కాగితం పైన, అట్టముక్క మడిచి పెట్టి మళ్ళీ లాగండి. ఏ రెండు కాగితాలు గట్టిగా బిగుసుకున్నాయి? ఏ రెండు సులువుగా వచ్చాయి? మూడు కాళ్ళ పీటతో కూడా చెయ్యండి. పీటకు ఈ జబ్బు ఎందుకు లేదో ఆలోచించండి.

ఈ నెల లెక్క: మా వాడి బండి సమమైన నేలమీద 110, 110, 120, 120 చూపుతున్నది. ఎవరో పొరపాటున వెనక కుడి మూల కడియాన్ని 20 మిల్లీమీటర్లు పైకి తిప్పారు. ఇప్పుడు నాలుగు కాటాలు ఏం చూపిస్తాయి? జవాబు వచ్చే నెల.